క్లైవస్ కార్డోమాకు ప్రోటాన్ చికిత్స: తల స్థానాన్ని నిలపడంలో మాస్క్ కంటే తలదిండు పాత్ర ఎక్కువైన ఒక కేసు

ఈ కేసులోని రోగి భీమిలి ప్రాంతానికి చెందిన 47 ఏళ్ల గృహిణి. కొన్ని నెలలుగా తలనొప్పి ఉండి, ఆ తర్వాత ఎడమ పక్కకు చూసినప్పుడు ఒకే వస్తువు రెండుగా కనిపించడం మొదలైంది. విశాఖపట్నంలో కంటి వైద్యుని దగ్గరకు వెళ్లగా, ఎడమ కన్నును బయటి వైపు తిప్పే ఆరవ కపాల నాడి బలహీనపడిందని గుర్తించి ఆయన ఎమ్మారై చేయించారు. పుర్రె అడుగున, ముక్కు వెనుక భాగానికీ మెదడు కాండానికీ నడుమ గోడలా నిలిచే క్లైవస్ ఎముకలో కణితి కనిపించింది. నగరంలోనే ఈఎన్‌టీ, న్యూరోసర్జరీ వైద్యులు కలిసి ముక్కు ద్వారా ఎండోస్కోపుతో దానిలో అధిక భాగాన్ని తీసివేశారు. బయాప్సీలో అది కార్డోమా అని తేలింది. పిండ దశలో వెన్నెముకకు ఆధారంగా ఉండి తరువాత కనుమరుగయ్యే నోటోకార్డ్ అవశేషాల నుంచి పుట్టే ఈ కణితి నెమ్మదిగా పెరుగుతుంది, దూరపు అవయవాలకు పాకడం తక్కువ, కానీ కొంచెం మిగిలినా ఆ చోటనే మళ్లీ మొలుస్తుంది. శస్త్రచికిత్స తరువాత మిగిలిన భాగం మెదడు కాండానికి 3 మిల్లీమీటర్ల దూరంలో ఉంది.

కార్డోమా లొంగాలంటే 70 గ్రేలకు (గ్రే అంటే కిరణాల మోతాదును కొలిచే ప్రమాణం) పైబడిన మోతాదు కావాలి. మెదడు కాండం ఉపరితలమైతే 60 నుంచి 64 గ్రేల దగ్గరే ఆగమంటుంది, లోపలి భాగం అంతకంటే తక్కువకే ఆగమంటుంది. కణితికీ మెదడు కాండానికీ మధ్య ఉన్న దూరం ఒక చింతగింజ మందం కూడా లేదు. ఇలాంటి చోట ప్రోటాన్లు ఉపయోగపడతాయి కాబట్టి, వివిధ విభాగాల వైద్యులు కలిసే ట్యూమర్ బోర్డులో చర్చించి రోగిని ప్రోటాన్ కేంద్రానికి పంపాలని నిర్ణయించాం. విశాఖలో ప్రోటాన్ యంత్రం లేదు. మన దేశంలో ఈ చికిత్స 2019లో చెన్నైలో, 2023లో నవీ ముంబైలో మొదలైంది. రోగి ఏ కేంద్రానికి వెళ్లారన్నది ఇక్కడ అవసరం లేదు. నేను విశాఖలో రేడియోథెరపీ టెక్నాలజిస్టుగా పనిచేస్తున్నాను. ప్రోటాన్ చికిత్సలో శిక్షణ కోసం నేను వెళ్లిన కాలమూ ఈమె చికిత్స కాలమూ కలిసి రావడంతో, ఇక్కడి ముందస్తు ఏర్పాట్లూ అక్కడి రోజువారీ పనీ రెండూ దగ్గరుండి చూడగలిగాను. అక్కడి నిర్ణయాలన్నీ అక్కడి బృందానివే. రోగి, ఆమె కుటుంబం అనుమతితోనే ఇది రాస్తున్నాను, గుర్తుపట్టే వీలున్న వివరాలు మార్చాను.

ప్రోటాన్లకు దారి ముఖ్యం

ఎక్స్-కిరణాలు ఇచ్చే లీనియర్ యాక్సిలరేటర్ (లీనాక్) మీద తల, మెడ రోగులకు తలను కదలకుండా పట్టే మాస్క్ వేసి చికిత్స చేసే అలవాటు మనకు బాగా ఉంది. ఆ అలవాటుతో ప్రోటాన్ గదిలోకి అడుగుపెట్టిన వారికి మొదట మింగుడుపడని విషయం ఒకటి ఉంది. ఎక్స్-కిరణాల చికిత్సలో తల రెండు మిల్లీమీటర్లు జరిగితే మోతాదు పటం కూడా ఇంచుమించు అంతే జరుగుతుంది, దాని ఆకారం పెద్దగా చెదరదు. కిరణం దారిలో ఒక సెంటీమీటరు గాలి ఉండవలసిన చోట ఒక సెంటీమీటరు చీమిడి చేరినా లోపలి మోతాదు మూడు నాలుగు శాతం మాత్రమే తగ్గుతుంది. ప్రోటాన్ అలా కాదు. అది తన శక్తికి తగిన దూరం ప్రయాణించి, చివరలో మోతాదులో అధిక భాగాన్ని ఒక్కసారిగా విడిచి ఆగిపోతుంది. 150 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల ప్రోటాన్ నీటిలో దాదాపు 16 సెంటీమీటర్లు వెళ్తుంది. దారిలో ఒక సెంటీమీటరు గాలి స్థానంలో చీమిడి ఉంటే అది దాదాపు ఒక సెంటీమీటరు ముందే ఆగిపోతుంది, కణితి అవతలి అంచుకు మోతాదే అందదు. దీనికి విరుద్ధంగా, ప్లానింగ్ రోజున (సిటీ స్కాన్ తీసి కిరణాల దారులు లెక్కించే రోజున) ఉన్న చీమిడి తరువాత తొలగిపోతే అంతే దూరం అదనంగా వెళ్లి, ఆగకూడని చోట ఆగుతుంది.

చెవి వెనుక మాస్టాయిడ్ ఎముకను సిటీలో చూసిన వారికి ఈ చిక్కు వెంటనే అర్థమవుతుంది. దాని నిండా చిన్న చిన్న గాలి గదులు, వాటి మధ్య పలుచని ఎముక గోడలు, పక్కనే దట్టమైన పీట్రస్ ఎముక ఉంటాయి. వెనుక నుంచి ఏటవాలుగా వచ్చే ప్రోటాన్ కిరణం ఈ ప్రాంతం గుండానే క్లైవస్‌ను చేరుతుంది. తల ఒకటి రెండు డిగ్రీలు పక్కకు తిరిగినా నిన్న గాలి గదుల గుండా పోయిన కిరణరేఖ నేడు గట్టి ఎముక గుండా పోవచ్చు. కౌచ్‌ను (రోగి పడుకునే బల్లను) జరిపి కణితిని సరిగ్గా ఐసోసెంటర్ (కిరణాలన్నీ కలిసే బిందువు) మీదికి తెచ్చినంత మాత్రాన ఆ దారి పూర్వపు దారి కాదు. ప్రోటాన్ చికిత్సలో తల స్థానం అంటే కణితి ఎక్కడుందన్న ప్రశ్నతో పాటు, చర్మం నుంచి కణితి దాకా ఏయే పదార్థాలు ఏ మందంలో ఉన్నాయన్న ప్రశ్న కూడా. తలదిండు, కౌచ్ పలక, మాస్క్, చివరికి జుట్టు కూడా ఆ దారిలోకి వస్తాయి.

దీనికి తోడు, ప్రోటాన్ ఎంత దూరం వెళ్తుందన్న లెక్కలోనే కొంత అనిశ్చితి ఉంది. సిటీ సంఖ్యలను ప్రోటాన్ నిరోధక శక్తిగా మార్చే క్రమంలో వచ్చే ఈ తేడాకు చాలా కేంద్రాలు ప్రయాణ దూరంలో 3.5 శాతం, దానిపై 1 నుంచి 3 మిల్లీమీటర్లు కలిపి జాగ్రత్త పడతాయి. పది సెంటీమీటర్ల లోతుకు ఆ శాతమే మూడున్నర మిల్లీమీటర్లు అవుతుంది. మన రోగిలో కణితికీ మెదడు కాండానికీ ఉన్న దూరం కంటే అది ఎక్కువ. అందుకే మెదడు కాండం ముందు కిరణాన్ని ఆపే సాహసం ఎవరూ చేయరు. కాండం పక్కగా కిరణాన్ని పంపి, దాని పక్క అంచుతో కాండాన్ని కాపాడతారు. కానీ పక్క అంచు మీద ఆధారపడ్డామంటే తల పక్కకు జరగడం, తిరగడం అన్నవి నేరుగా మెదడు కాండం మోతాదుగా మారతాయి.

ప్రోటాన్ చికిత్స చరిత్రలో మొదట తలనే ఎంచుకున్నది కూడా ఇందుకే అనిపిస్తుంది. ప్రోటాన్లను వైద్యానికి వాడవచ్చని భౌతిక శాస్త్రవేత్త రాబర్ట్ విల్సన్ 1946లో రాశాడు. 1954లో అమెరికాలోని బర్క్‌లీలో తొలి రోగులకు పిట్యూటరీ గ్రంథి మీద వాడారు. పుర్రె గట్టి పెట్టె, దాన్ని చట్రంలో బిగించవచ్చు, ఎక్స్-రేలో ఎముక గుర్తులతో సరిచూడవచ్చు. నేడు ఎముకకు మరలు దిగే చట్రాలను వారాల తరబడి సాగే చికిత్సకు ఎవరూ వాడరు. మాస్క్, తలదిండు, ఎక్స్-రే, ఆరు దిశలలో కదిలే రోబోటిక్ కౌచ్ ఆ పని చేస్తున్నాయి.

విశాఖలో చేసిన ఏర్పాట్లు

ప్రోటాన్ కేంద్రం తన పలక మీద, తన మాస్క్ తానే చేసుకుంటుంది. ఇక్కడ చేసిన మాస్క్ అక్కడ పనికిరాదు. అయినా మేము ఒక నమూనా మాస్క్ వేసి, ఆమెను సిమ్యులేటర్ (చికిత్సకు ముందు రోగి స్థానాన్ని నిర్ణయించే యంత్రం) బల్ల మీద చికిత్స పట్టేంత సేపు పడుకోబెట్టాం. దీనివల్ల మూడు విషయాలు ముందే తెలిశాయి. ఆమెకు మెడ ఎముకల అరుగుదల ఉంది, గడ్డాన్ని ఛాతీ వైపు బాగా దించితే కొద్ది నిమిషాలకే కుడి భుజంలోకి తిమ్మిరి వస్తుంది. ముక్కు శస్త్రచికిత్స తరువాత గొంతులోకి కారే స్రావం వల్ల వెల్లకిలా పడుకుంటే తరచుగా గుటక వేయవలసి వస్తుంది. మూడోది జుట్టు.

నడుము దాటిన ఒత్తయిన జుట్టు ఆమెది. మన ప్రాంతంలో తల చికిత్సకు వచ్చే ఆడవారిలో జడ ఎక్కడ పెట్టాలన్నది ప్రతిసారీ ఎదురయ్యే ప్రశ్నే, అయినా పాఠ్యపుస్తకాల్లో దానికి ఒక వాక్యం కూడా దక్కదు. ముడి వేస్తే తల వెనుక భాగం లేచి గడ్డం దిగుతుంది. జడను మెడ కిందుగా పక్కకు తీస్తే ఒకరోజు కుడికి, మరోరోజు ఎడమకు వెళ్లి తల తిరుగుతుంది. తలస్నానం చేసిన రోజు తడి జుట్టు మందం వేరు, నూనె రాసి దువ్విన రోజు అణిగిన మందం వేరు. ఎక్స్-కిరణాల చికిత్సలో జడను నడినెత్తి మీదికి తీసుకెళ్లి మాస్క్ బయట వదిలేసి సర్దుకుంటాం. ఈమెకు కిరణాలు తల వెనుక నుంచే వచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి, తలకూ దిండుకూ మధ్య జుట్టు ఎంత తక్కువ ఉంటే అంత మేలు.

జుట్టు కత్తిరించమని చెప్పడం తేలికైన మాట కాదు. ఎలా అడగాలా అని మేము ఆలోచిస్తుండగా ఆమె భర్తే, చికిత్స అంతా అయ్యాక సింహాచలంలో అప్పన్నకు తలనీలాలు ఇస్తామని మొక్కుకున్నామని, ఎన్నాళ్లకు ఇవ్వవచ్చో చెప్పమని అడిగారు. మొక్కు ఎప్పుడు తీర్చుకోవాలన్నది వారి ఇష్టమే గానీ, చికిత్స మధ్యలో మాత్రం వద్దని, ముందే ఇస్తే చికిత్సకు కూడా ఉపయోగమని వివరించాం. చికిత్స నడుమ గుండు చేయించుకుని మరునాడు వస్తే మాస్క్ వదులవుతుంది, ప్లానింగ్ అంతా తిరగతోడవలసి వస్తుంది. వారు ఇంట్లో పెద్దలతో మాట్లాడుకుని, బయలుదేరే ముందే కొండకు వెళ్లి వచ్చారు. అప్పటి నుంచి తల చికిత్సకు వచ్చే ప్రతి కుటుంబాన్నీ మాస్క్ చేయక ముందే మొక్కులున్నాయా అని అడుగుతున్నాం.

గుండు చేసిన తల కూడా ఏడెనిమిది వారాలు అలాగే ఉండదని మాత్రం గుర్తుంచుకోవాలి. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. కిరణం చర్మంలోకి ప్రవేశించే చోట రెండు మూడు వారాల తరువాత రాలిపోతుంది, మిగతా చోట గరుకుగా మొలుస్తుంది. ఈమెకు ప్రతి వారాంతంలో ట్రిమ్మర్‌తో ఒకే కొలతకు కత్తిరించేలా భర్తకు నేర్పించాం. బ్లేడు వాడవద్దన్నాం, కిరణం తగిలిన చర్మం మీద గాటు పడితే మానడం కష్టం.

మాస్క్ చేసిన రోజు

ప్రోటాన్ కేంద్రంలో మొదట తలదిండు తయారైంది. తడి తగిలితే గట్టిపడే రెసిన్ నింపిన కుషన్‌ను తల, మెడ కింద పెట్టి, గడ్డాన్ని కొంచెం దించిన స్థితిలో పట్టుకుని అచ్చు తీశారు. ఆ తరువాత థర్మోప్లాస్టిక్ షీటును 65 డిగ్రీల పైబడిన వేడి నీటి తొట్టెలో వేశారు. తెల్లగా, గట్టిగా ఉన్న షీటు కొద్ది నిమిషాల్లో గాజులా పారదర్శకమవుతుంది. అప్పుడు తీసి, తువ్వాలు మీద నీటిని అద్ది, చెంప మీద పెట్టి వేడి చూసి, ఇద్దరు చెరో పక్క పట్టుకుని నుదుటి నుంచి గడ్డం దాకా ఒక్క ఊపున లాగి పలకకు బిగించారు. ముక్కు దూలం, కనుబొమల పై ఎముక, గడ్డం కింద, చెవుల ముందు భాగం, ఈ నాలుగు చోట్ల వేళ్లతో నెమ్మదిగా నొక్కి ఆకారం తీయాలి. చెంపలను నొక్కి ప్రయోజనం లేదు, అవి మాంసం, రోజుకో రీతిన ఉంటాయి. షీటు చల్లారేకొద్దీ కొద్దిగా కుంచించుకుపోతుంది కనుక పూర్తిగా గట్టిపడే దాకా బిగింపులు విప్పకూడదు. తొందరపడి ఐదు నిమిషాలకే తీసిన మాస్క్ మరునాటికి బిగుతుగా మారడం విశాఖలోనూ చూస్తూనే ఉన్నాం.

నోటిలో పళ్ల అచ్చుతో బిగించే బైట్ బ్లాక్ కూడా ప్రయత్నించారు. గొంతులోకి స్రావం కారుతున్న రోగికి నోరు మూసేలా అచ్చు పెడితే వాంతి వచ్చినట్టవుతుందని నమూనా మాస్క్ రోజునే మాకు అనిపించింది. అక్కడా అదే జరిగి వదిలేశారు.

చికిత్సకు మూడు కిరణాలు ఎంచుకున్నారు. రెండు వెనుక నుంచి చెరో పక్క ఏటవాలుగా, ఒకటి పై నుంచి ముందుకు వంచి. మొత్తం 74 గ్రేలు, 37 ఫ్రాక్షన్లు (విడతలు). మూడో కిరణం శస్త్రచికిత్స చేసిన స్ఫినాయిడ్ కుహరం (ముక్కు వెనుక ఉండే గాలి గది) మీదుగా వెళ్తుంది కాబట్టి దాని వాటాను తగ్గించి ఉంచారు. ఆ జాగ్రత్త ఎంత అవసరమో తరువాత తెలిసింది.

మొదటి వారం: ఒకే దిశలో జరిగే తల

రోజూ మాస్క్ బిగించాక రెండు లంబ దిశలలో ఎక్స్-రేలు తీసి, ప్లానింగ్ సిటీ నుంచి తయారైన చిత్రాలతో ఎముకలను పోల్చుతారు. కౌచ్ ఆరు దిశలలో సరిచేస్తుంది. 1 మిల్లీమీటరు, 1 డిగ్రీ లోపు వస్తేనే కిరణం. ఈమెకు మొదటి వారంలో ప్రతిరోజూ సరిచేసిన సంఖ్యలను వరుసగా చూస్తే అడ్డం, నిలువు జరుగుడు అటూ ఇటూగా ఉంది గానీ, పిచ్ (తల ముందుకూ వెనక్కూ వాలే కోణం) మాత్రం ఎప్పుడూ ఒకే దిశలో, గడ్డం పైకి లేచిన దిశలో, ఒకటి నుంచి రెండు డిగ్రీలు ఉంది. కౌచ్ దాన్ని సరిచేస్తూనే ఉంది కనుక పైకి సమస్య లేనట్టే. నాకు మాత్రం ఈ ఒకే దిశ నచ్చలేదు. కణితి చుట్టూ అదనంగా కలిపే అంచు (మార్జిన్) లెక్కకు ఫిజిసిస్టు మార్సెల్ వాన్ హెర్క్ 2000లో ఇచ్చిన సూత్రాన్ని గుర్తు చేసుకుంటే కారణం తెలుస్తుంది. రోజుకో దిశలో చెదిరే యాదృచ్ఛిక దోషాన్ని అందులో 0.7తో గుణిస్తారు, ఎప్పుడూ ఒకే వైపు లాగే వ్యవస్థిత దోషాన్ని 2.5తో గుణిస్తారు. ఆ సూత్రం ఎక్స్-కిరణాల కోసం రాసింది, ఒక రోగికి కాక రోగుల సమూహానికి వర్తించేది. అయినా ఏ తప్పును ముందు వెతకాలో అది చక్కగా చెబుతుంది.

పైగా కౌచ్ సరిచేసేది పుర్రెను మాత్రమే. పుర్రెకూ మొదటి మెడ ఎముకకూ మధ్య కోణం మారితే ఏ రోబో దాన్ని తిరిగి తేలేదు. పుర్రెను సరిగ్గా కూర్చోబెట్టిన చిత్రంలోనే మెడ ఎముకలు రెండు మిల్లీమీటర్లు పక్కదారి పట్టి కనిపించడం ఆ వారంలో రెండు మూడుసార్లు చూశాం.

అసలు సంగతి బయటపడింది ఆ రోజు చికిత్స ముగిశాక తీసిన ఎక్స్-రేలో. ప్రోటాన్ కేంద్రాల్లో ఒకే యాక్సిలరేటర్ నుంచి వచ్చే కిరణాన్ని పలు గదులు వంతులవారీగా వాడుకుంటాయి. పక్క గదిలో రోగికి కిరణం నడుస్తుంటే, ఇక్కడ మాస్క్ వేసుకుని అన్నీ సరిచూసుకుని సిద్ధంగా ఉన్న రోగి తన వంతు కోసం వేచి ఉండాలి. మధ్యలో గాంట్రీ (కిరణాన్ని రోగి చుట్టూ తిప్పే చట్రం) తిరగాలి, కిరణం మారినప్పుడు మళ్లీ వంతు. లీనాక్ మీద మాస్క్ బిగించిన పది నిమిషాల్లో రోగిని దింపేసే మనకు ఈ నిరీక్షణ కొత్త. మొదట సరిచేసిన స్థానంతో పోల్చితే, చివర్లో ఆమె తల మరో ఒకటిన్నర డిగ్రీ గడ్డం పైకి లేచే దిశలో వాలి ఉంది. ఐసోసెంటర్ నుంచి 5 సెంటీమీటర్ల దూరంలో ఇది 1.3 మిల్లీమీటర్లు. మాస్క్ చెక్కు చెదరలేదు, తల మాత్రం లోపలే జరిగింది.

ఇలాంటప్పుడు ఎవరికైనా మొదట తట్టేది మాస్క్‌ను ఇంకా బిగించడం. మాస్క్ చట్రం కింద ఉన్న పలుచని షిమ్‌లు (ఎత్తు సర్దే పలకలు) తీసి ఒక మిల్లీమీటరు దించి చూశారు. చివరి చిత్రంలో జరుగుడు కొంత తగ్గింది, కానీ మొదటి చిత్రంలోనే రోజుకో స్థానం రావడం మొదలైంది. నుదుటి మీద వల గుర్తులు ఎర్రగా దిగాయి, భుజాలు చెవుల వైపు ఎగదన్నుకుని ఉన్నాయి, గుటకలు పెరిగాయి. నా అభిప్రాయంలో మన వృత్తిలో బిగుతుకు ఇచ్చే విలువ దాని పనితనానికి మించిపోయింది. ముందు నుంచి నొక్కే మాస్క్ ముఖం చర్మాన్ని ఆపగలదు, మెడ వెనుక ఆధారం లేకపోతే పుర్రె ఆ చర్మం కిందనే జారుతుంది.

కారణం చెప్పింది రోగే. మాస్క్ తీసి లేపి కూర్చోబెట్టాక ఏమైనా ఇబ్బందిగా ఉందా అని అడిగితే, "ముందు బాగానే ఉంటాది బాబూ. ఆలీసమయ్యే కొద్దీ మెడకింద ఏటీ లేనట్టుంటాది, తల దానంతటదే ఎనక్కి పడిపోతంది," అంది. అంతకుముందు ఆమెను అడిగినవారు లేకపోలేదు. నొప్పి ఉందా అని అడిగారు, నొప్పి లేదు కనుక లేదంది.

తలదిండు చేసిన రోజు గడ్డాన్ని దించి పట్టుకోవడానికి ఆమె మెడ కండరాలు బిగపట్టి ఉంది. ఆ బిగింపు ఆకారమే అచ్చులో దిగింది. వేచి ఉన్న కొద్దీ కండరాలు సడలి, మెడ వంపు తన సహజ స్థితికి రావడానికి దిగుతుంటే, కింద దాన్ని అందుకునే ఆధారం లేదు. మెడ కింద వేలు పెట్టి చూస్తే, కూర్చిన వెంటనే ఖాళీ లేదు, చివరలో చూపుడు వేలు సులువుగా దూరింది.

కొత్త కుషన్, కొత్త ప్లాన్

కొత్త తలదిండు చేసేటప్పుడు గడ్డం దించమని ఎవరూ చెప్పలేదు. ఆ మాట చెబితే కొందరు నోరు తెరుస్తారు, కొందరు తలంతా ఎత్తుతారు, అందరూ మెడ బిగిస్తారు. ఆమెను మోకాళ్ల కింద దిండు పెట్టి ఊరికే పడుకోనిచ్చి, భుజాలను రెండు చేతులతో పాదాల వైపు నెమ్మదిగా లాగి, ఊపిరి నిదానమయ్యే దాకా ఆగారు. ఆ తరువాతే కుషన్‌ను కింద చేర్చి, మెడ వంపులోకి రెండు పక్కల నుంచి పదార్థాన్ని తోసి, నడినెత్తి వైపు కూడా కొంత ఎత్తి అచ్చు తీశారు. గడ్డం ముందు కంటే కొంచెం పైకి ఉన్న స్థితే ఆమెకు నిలిచే స్థితి అని తేలింది, దాన్నే ఒప్పుకున్నారు. ప్లానింగ్‌కు అందమైన స్థితి కంటే రోగి అరగంట సేపు ఏ ప్రయత్నమూ లేకుండా ఉండగల స్థితి మేలని అక్కడి సీనియర్ ఫిజిసిస్టు కూడా అన్నారు.

కుషన్ మారితే కథ అక్కడితో ముగియదు. వెనుక కిరణాలు దాని గుండానే వెళ్తాయి. అందువల్ల కొత్త మాస్క్, కొత్త సిటీ, కొత్త ప్లాన్, దాని సరిచూపు అన్నీ అవసరమయ్యాయి. అవి సిద్ధమయ్యే దాకా పాత ఏర్పాటుతోనే చికిత్స సాగింది, కాకపోతే ప్రతి కిరణానికి ముందు మళ్లీ ఎక్స్-రే తీసి సరిచేశారు. నిరీక్షణ ఎక్కువైతే మాస్క్ తీసి, లేపి, మొదటి నుంచి కూర్చారు. కార్డోమా చికిత్సలో విరామం మంచిది కాదు, అదనపు ఎక్స్-రేల మోతాదు దానితో పోల్చితే స్వల్పం.

కొత్త కుషన్‌తో మొదటి నుంచి చివరి దాకా పిచ్ మార్పు చాలా రోజుల్లో అర డిగ్రీ లోపే ఉంది. షిమ్‌లు తిరిగి పెట్టి మాస్క్‌ను కొంచెం వదులు చేశారు. మెడ ఎముకల వరుస కూడా సిటీతో కలిసింది.

మూడో వారంలో తీసిన తనిఖీ సిటీలో మరో సంగతి కనిపించింది. ప్లానింగ్ నాడు గాలితో ఉన్న స్ఫినాయిడ్ కుహరంలో సగానికి పైగా చీమిడి, ఎండిన పక్కు చేరింది. ఎక్స్-రేలలో ఎముకలు అన్నీ సరిగ్గా సరిపోతున్నాయి, తల స్థానంలో ఏ లోపమూ లేదు, అయినా పై నుంచి వచ్చే కిరణం ముందే ఆగుతోంది. ఆ సిటీ మీద ప్లాన్‌ను మళ్లీ లెక్కించగా, ఆ కిరణం వాటా తక్కువ కావడం వల్ల మొత్తం మోతాదు మీద ప్రభావం పరిమితంగానే ఉందని తేలింది. ఈఎన్‌టీ వైద్యులు పక్కును శుభ్రం చేశారు, రోజూ చికిత్సకు అరగంట ముందు ఉప్పునీటితో ముక్కు కడుక్కోవడం అలవాటు చేశారు, తనిఖీ సిటీని వారానికొకసారి చేశారు. స్టెరాయిడ్లు తగ్గించాక చెంపలు పలచబడి మాస్క్ పక్కల ఖాళీ కనిపించింది, కుషన్ పట్టు బాగుండటంతో దానివల్ల తల స్థానం చెదరలేదు, మాస్క్ మార్చలేదు.

ముప్పై ఏడు ఫ్రాక్షన్లూ పూర్తయ్యాయి. చెవుల వెనుక చర్మం నల్లబడి, జుట్టు రాలిన రెండు మచ్చలు తప్ప తీవ్రమైన ఇబ్బంది రాలేదు. విశాఖకు తిరిగి వచ్చాక తీసిన ఎమ్మారైలలో మిగిలిన కణితి పెరగలేదు. ఒకటి రెండుగా కనిపించడం ఎదురుగా చూసినప్పుడు తగ్గింది, బాగా పక్కకు చూస్తే ఇంకా ఉంది. కార్డోమా విషయంలో ఏళ్ల తరబడి చూడందే ఏమీ చెప్పలేం. పిట్యూటరీ హార్మోన్లు, వినికిడి పరీక్షలు ఇక్కడే క్రమంగా చేయిస్తున్నాం.

మా విభాగంలో ప్రోటాన్ లేకపోయినా లీనాక్ మీద తల రోగులకు పని తీరు కొంత మారింది. తలదిండుకు ముందు రోగిని ఊరికే పడుకోనిస్తున్నాం. కణితి కీలకమైన చోట ఉన్నవారికి మొదటి కొద్ది రోజులు చికిత్స ముగిశాక కూడా చిత్రం తీస్తున్నాం. ప్రోటాన్ కేంద్రానికి పంపే రోగి ఉత్తరంలో వ్యాధి వివరాలతో పాటు మెడ ఎంత వంగుతుంది, ఎంతసేపు కదలకుండా పడుకోగలరు, గుటక, దగ్గు ఎలా ఉన్నాయి, జుట్టు సంగతి ఏమిటి అన్నవి రాస్తున్నాం.

రెసిన్ కుషన్లు వాడేవారికి ఒక మాట. అవి తేమ తగిలితేనే గట్టిపడతాయి, సముద్రపు గాలి ఉన్న మన ఊళ్లో ఆ తేమకు కొదవ లేదు. ఏసీ సరిగ్గా పనిచేయని రోజు కుషన్ ఉన్న రేకు సంచిని ముందే చించి పక్కన పెట్టుకుంటే, రోగి భుజాలు సడలే లోపే కుషన్ అంచులు బిగుసుకోవడం మొదలవుతుంది. రోగి పూర్తిగా సిద్ధమయ్యాకే, కుషన్‌ను చేతిలోకి తీసుకునే నిమిషంలోనే సంచి చించాలని మా సిమ్యులేటర్ గదిలో రాసి పెట్టుకున్నాం.